మా రోజుల్లో సలహాకు ఒక మనిషి ఉండేవాడు

జూన్ వచ్చిందంటే నాందేడ్‌లో నెట్ కెఫేల ముందు పిల్లలు బారులు తీరతారు. ఒక చేతిలో పన్నెండో తరగతి మార్కుల షీటు, ఇంకో చేతిలో తండ్రి ఆధార్ కార్డు. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. "ఏ కాలేజీ పెట్టమంటావ్, తొందరగా చెప్పు, వెనక జనం ఉన్నారు" అంటాడు. పిల్ల తండ్రి వైపు చూస్తుంది. తండ్రి తెర వైపు చూస్తాడు. ఇద్దరికీ ఏమీ తోచదు. చివరికి ఆ కుర్రాడే నాలుగు పేర్లు నింపి, ప్రింటు తీసి, డబ్బులు తీసుకుంటాడు. ఒక ఆడపిల్ల బతుకుదారి కొద్ది నిమిషాల్లో తేలిపోయింది. దీన్ని అందరూ ప్రగతి అంటున్నారు. నేను అనలేను.

నాది దెగ్లూర్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పెద్దవాళ్ల నోట ఉర్దూ. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మా తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ నాందేడ్‌కు వచ్చింది. గీత గీసినవాళ్లు గీశారు గాని పెళ్లి సంబంధాలు, సంతలు, చదువులు ఆ గీతను పట్టించుకోలేదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్ల పిల్లలు ఇప్పటికీ నాందేడ్‌కే చదువుకోవడానికి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. ఇక్కడే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. అందుకే ఈ విషయంలో నోరు మూసుకుని ఉండలేకపోతున్నాను.

మా రోజుల్లో నాందేడ్‌లో కాలేజీలు తక్కువ. స్వామి రామానంద తీర్థ వంటి నిజాం వ్యతిరేక ఉద్యమకారుల ప్రేరణతో 1950లో పీపుల్స్ కాలేజీ వచ్చింది, 1963లో యశ్వంత్ మహావిద్యాలయం వచ్చింది. 1958 దాకా ఈ ప్రాంతపు కాలేజీలు ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉండేవి. ఆ తర్వాత ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా యూనివర్సిటీ కిందికి వెళ్లాయి. నాందేడ్‌కు సొంత యూనివర్సిటీ రావడానికి 1994 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి మా కాలంలో ఏ కాగితం కావాలన్నా మీటర్ గేజ్ రైలెక్కి ఔరంగాబాద్ పోవాల్సిందే. ఆ తిప్పలు నేను మరచిపోలేదు. వాటిని మళ్లీ తెమ్మని అడగడం లేదు. నేను అడిగేది వేరే సంగతి.

అడ్మిషన్ రోజున హాల్లో ఒక బల్ల వేసేవారు. బల్ల వెనక ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు. క్లర్కు దగ్గర ఫారం తీసుకుని వాళ్ల ముందు నిలబడాలి. మార్కులు చూసేవారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యేవి. ఏ ఊరు? నాన్న ఏం చేస్తాడు? ఇక్కడ ఎవరింట్లో ఉంటావు? వంట ఎవరు చేస్తారు? లెక్కలు ఎవరు చెప్పారు? ఈబీసీ ఫీజు రాయితీ ఫారం నింపావా? మా వాళ్లలో చాలామంది ఉస్మాన్‌షాహీ మిల్లులో పని చేసేవారు. మిల్లు పనివాడి కొడుకు సైన్స్ అడిగితే, ప్రాక్టికల్స్ సాయంత్రం దాకా ఉంటాయని, ఇంట్లో షిఫ్టుకు అన్నం తీసుకెళ్లేది ఎవరని అడిగేవారు. అడిగి ఊరుకోకుండా తండ్రిని లోపలికి పిలిచి, "కొడుకును చదవనివ్వండి, టిఫిన్ చిన్నవాడితో పంపండి" అని చెప్పేవారు. అప్పట్లో దీనికి అకడమిక్ అడ్వైజింగ్ అనే పేరు లేదు. కాని ఆ పని జరిగేది.

1972 కరువు సంగతి చెప్పాలి. మరాఠ్వాడా అంతా ఎండిపోయింది. ఊళ్లకు ఊళ్లు రోడ్డు పనుల్లో కంకర కొట్టి, ప్రభుత్వం పంచిన సుకడి తిని బతికాయి. మా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. హాజరు పిలిచేటప్పుడు మా సార్ జవాబు రాని పేరు దగ్గర ఆగేవారు. అదే ఊరి పిల్లవాడిని లేపి, వాడేమయ్యాడని అడిగేవారు. "కంకర పనికి పోతున్నాడు సార్" అని జవాబు. "ఈ ఆదివారం నువ్వు ఊరికి పోతున్నావు కదా, సోమవారం వాడిని వెంట తీసుకురా" అనేవారు. వచ్చినవాడికి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఇప్పించేవారు, గదికి ఎవరినో అడిగేవారు. అలా తిరిగొచ్చినవాళ్లు తర్వాత బ్యాంకుల్లో, జిల్లా పరిషత్ బడుల్లో, రైల్వేలో ఉద్యోగాలు చేశారు. వాళ్ల పిల్లలు ఇవాళ పుణేలో, హైదరాబాద్‌లో ఇంజనీర్లు. ఒక మనిషి ఒక పేరు దగ్గర ఆగినందువల్ల రెండు తరాలు నిలబడ్డాయి.

ఇప్పుడు హాజరు వేలిముద్రతోనో, క్యూఆర్ కోడ్‌తోనో పడుతుంది. డెబ్బై ఐదు శాతం కంటే తగ్గితే తండ్రి ఫోనుకు దానంతట అదే మెసేజ్ పోతుంది. ఆ ఫోను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిన అన్న జేబులో ఉంటుంది. మెసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది. పోయిందని కంప్యూటర్‌లో టిక్ పడుతుంది, కాలేజీ తన పని అయిపోయిందనుకుంటుంది. ఊళ్లో దండోరా వేసినంత మాత్రాన ఇంటికొచ్చి పలకరించినట్టు అవుతుందా? పిల్లవాడు ఎందుకు రావడం లేదని అడిగినవాడే లేడు.

అప్పటికంటే ఇప్పుడు సలహా అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. మా కాలంలో ఆర్ట్స్, కామర్స్, సైన్స్ అని మూడే దారులు. ఇవాళ 2020 జాతీయ విద్యావిధానం కింద డిగ్రీలో చేరిన పిల్లవాడు మేజర్, మైనర్, ఓపెన్ ఎలక్టివ్, వీఎస్‌సీ, ఎస్‌ఈసీ, ఏఈసీ, వీఈసీ, ఐకేఎస్, ఓజేటీ అనే పేర్ల మధ్య నిలబడతాడు. సెమిస్టర్‌కు 20 నుంచి 22 క్రెడిట్లు. మొదటి ఏడాది తర్వాత బయటికి పోతే సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ, నాలుగేళ్లయితే ఆనర్స్. సంపాదించిన క్రెడిట్లు 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్ల దాకా నిలవ ఉంటాయి. ఏర్పాటు బాగుంది. చదువు మధ్యలో ఆగిన పిల్లకు మళ్లీ దారి దొరుకుతుంది. కాని మొదటి ఏడాది చివర తెర మీద కనబడే ఆ బయటి దారి, ఇంట్లో అప్పున్న పిల్లవాడికి ఎలా కనబడుతుందో ఆలోచించారా? సర్టిఫికెట్‌తో ఆగిపోవడమూ, డిగ్రీ దాకా పోవడమూ తెరకు రెండు సమానమైన గళ్లు. ఇంకొక్క ఏడాది ఓర్చుకుంటే ఏం మారుతుందో, ఆ ఏడాదికి స్కాలర్‌షిప్ ఎక్కడ దొరుకుతుందో, కమవా-శికా పథకం కింద కాలేజీలోనే పనిచేసి చదువుకోవచ్చునో లేదో చెప్పడానికి పక్కన ఒకరు కావాలి.

ఇంజనీరింగ్ వైపు పోతే ఇంకా కష్టం. ఎంహెచ్‌టీ-సీఈటీ ప్రవేశ పరీక్ష రాశాక క్యాప్ అనే ఉమ్మడి అడ్మిషన్ రౌండ్లు. ఆప్షన్ ఫారంలో కాలేజీలు ఏ వరసలో పెట్టామన్నదే సీటు తేలుస్తుంది. మొదటి రౌండులో మొదటి ఆప్షనే వస్తే సీటు దానంతట అదే ఫ్రీజ్ అవుతుంది, తర్వాత మార్చుకునే వీలుండదు. విష్ణుపురిలో 1981 నుంచి శ్రీ గురు గోబింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇంటి దగ్గరి మంచి కాలేజీ. దాన్ని నాలుగో వరసలో పెట్టి, పేరు బాగుందని ఎక్కడిదో కాలేజీని మొదట పెట్టిన పిల్లలున్నారు. ఆ వరస వేయించింది నెట్ కెఫే కుర్రాడు. వాడిని నిందించను. వాడు తన పని తాను చేశాడు. అది కాలేజీలు, బడులు చేయాల్సిన పని. అవి చేయలేదు కాబట్టి వాడి మీద పడింది.

మా తెలుగువాళ్ల చిక్కు దీనికి తోడు. మహారాష్ట్రలో పద్మశాలీలు, మున్నూరువాళ్లు ఎస్‌బీసీలో, అంటే ప్రత్యేక వెనుకబడిన వర్గంలో ఉన్నారు. దానికి 2 శాతం రిజర్వేషన్. సరిహద్దు దాటి తెలంగాణలో అడుగుపెడితే పద్మశాలి బీసీ-బి, మున్నూరు కాపు బీసీ-డి. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. వృత్తి కోర్సులకు కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, పరిశీలన కమిటీ ఇచ్చే వ్యాలిడిటీ కావాలి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మా జిల్లాలో మున్నూరువార్, మన్నెర్‌వార్లు అని దగ్గర దగ్గరగా వినబడే రెండు పేర్లున్నాయి. మొదటిది ఎస్‌బీసీ, రెండోది షెడ్యూల్డ్ తెగ. బడి రిజిస్టర్‌లో తాత పేరు పక్కన ఏం రాసి ఉందో చూడకుండా ఫారం నింపితే పిల్లల ఏళ్లు కమిటీల చుట్టూ తిరగడానికే సరిపోతాయి. మా పాత హెడ్‌మాస్టర్లకు ఈ సంగతులు కంఠతా వచ్చు. పదో తరగతిలోనే తండ్రిని పిలిచి, "వ్యాలిడిటీకి ఇప్పుడే పెట్టండి, పన్నెండు అయ్యాక పరుగెత్తితే అందదు" అనేవారు. అడ్మిషన్ పోర్టల్ మాత్రం ఫలానా కాగితం అప్‌లోడ్ చేయమని అడుగుతుంది. లేకపోతే ఎర్ర అక్షరాల్లో లేదని చెప్తుంది. రెండేళ్ల ముందు హెచ్చరించడం దానికి చేతకాదు, ఎందుకంటే రెండేళ్ల ముందు ఆ పిల్ల దాని లెక్కలో లేదు.

సరిహద్దు అవతల తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ఉంది. ఒక్క దరఖాస్తుతో రాష్ట్రంలో దాదాపు ఏ డిగ్రీ కాలేజీకైనా పెట్టుకోవచ్చు. దూరం పోయి ఫారాలు కొనే బాధ తప్పింది, ఇది మేలే. కాని మా బిచ్కుంద చుట్టాల అమ్మాయి ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కాలేజీ పెట్టుకుంది. సీటు వచ్చింది. హాస్టల్ లేదు. ఆ కాలేజీకి హాస్టల్ ఉందా లేదా అని ముందు అడిగే మనిషి ఉంటే ఆ పిల్ల నిజామాబాద్‌లోనో, దగ్గరలోని ఇంకో ఊళ్లోనో హాయిగా చదువుకునేది. సీటు వదులుకుని ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాదే పెళ్లి చేశారు.

నేను కంప్యూటర్‌కు శత్రువును కాను. మార్కుల షీటు డిజిలాకర్‌లో దొరకడం, స్కాలర్‌షిప్ డబ్బు మధ్యవర్తుల చేతికి పోకుండా మహాడీబీటీ పోర్టల్ ద్వారా నేరుగా ఖాతాలో పడడం చూసి సంతోషించినవాడినే. మా రోజుల్లో సార్ల సలహా అందరికీ అందేది కాదన్నదీ నిజం. ఆడపిల్ల సైన్స్ అడిగితే "ఎందుకమ్మా, బీఏ చాలు" అన్నవాళ్లున్నారు. దళితుల పిల్లలతో ఆ బల్ల దగ్గర రెండు మాటలకు మించి మాట్లాడనివాళ్లున్నారు. ఎవరికి ఏ స్కాలర్‌షిప్ ఉందో నోటీసు బోర్డు మూలన ఒక కాగితం అంటించి ఊరుకునేవారు. సమాచారం అందరికీ ఒకేలా అందించడంలో యంత్రం మనకంటే మేలు. దాన్ని ఆ పనికి వాడండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. నా కోపమంతా యంత్రం తెచ్చి మనిషిని తీసేయడం మీద.

ఈ పనిలో ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ. అక్కడ చాలామంది పేదింటి పిల్లలు, నల్లజాతి పిల్లలు. 2012లో వాళ్లు ఒక కంప్యూటర్ పద్ధతి పెట్టారు. పాత విద్యార్థుల మార్కులను తవ్వి, పిల్లవాడు దారి తప్పుతున్నాడని చెప్పే గుర్తులు 800కు పైగా పట్టుకున్నారు. ఏ గుర్తు కనబడినా సలహాదారుడికి కబురు వెళ్తుంది. 2016 వేసవిలో ఫోనులో ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ పెట్టారు. సీటు వచ్చీ కాలేజీలో చేరకుండా జారిపోయే పిల్లలు దాదాపు ఐదోవంతు తగ్గారు. ఇక్కడి సభల్లో, కాలేజీలకు గ్రేడ్లిచ్చే ఎన్‌ఏఏసీ కోసం జరిపే సెమినార్లలో ఈ కథ ఇంతవరకే చెప్తారు. మిగతాది చెప్పరు. ఆ పద్ధతి పెట్టిన కొత్తలోనే ఆ యూనివర్సిటీ నలభైమందికి పైగా సలహాదారులను కొత్తగా నియమించింది, ఒక్కొక్కరి కిందికి మూడు వందలమంది విద్యార్థులు వచ్చేలా చూసుకుంది. కంప్యూటర్ కబురు చెప్తే, ఆ పిల్లవాడిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడడానికి అక్కడ మనుషులున్నారు. మనం ఆ కథలో సగమే తెచ్చుకున్నాం.

మన దగ్గర చూడండి. అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. పాఠాలు సీహెచ్‌బీ వాళ్లతో, అంటే గంటకింత అని జీతం తీసుకునే లెక్చరర్లతో నడుస్తున్నాయి. ఆ లెక్చరర్లంతా చదువుకున్నవాళ్లే, నెట్, సెట్ అర్హత పరీక్షలు పాసైనవాళ్లే. పొద్దున ఒక కాలేజీలో, మధ్యాహ్నం ఇంకో కాలేజీలో చెప్పుకుంటేగాని ఇల్లు గడవదు. వచ్చే ఏడాది ఉంటారో లేదో వాళ్లకే తెలియదు. అలాంటివాడిని పట్టుకుని మెంటార్ డైరీ నింపమంటారు. ఎన్‌ఏఏసీ బృందం వచ్చేముందు రాత్రికి రాత్రి ముప్పై పేర్ల పక్కన ‘విద్యార్థితో చర్చించితిని’ అని రాసి సంతకాలు పెట్టిస్తారు. ఇది నేను కళ్లారా చూశాను. ఆ కాగితాల్లో ప్రతి పిల్లకూ ఒక మెంటార్ ఉన్నాడు, కాలేజీ ఆవరణలో ఆ మెంటార్ ఎవరో తెలిసిన పిల్ల కనబడదు.

ఇంకో భయం కూడా ఉంది. యంత్రం పిల్లవాడి నుదుట ముందే రాత రాస్తుంది. 2021లో ద మార్కప్ అనే పత్రిక అమెరికాలోని పెద్ద యూనివర్సిటీలు వాడే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించింది. పిల్లవాడు నెగ్గుతాడా తప్పుతాడా అని అంచనా వేయడానికి అది జాతినీ లెక్కలోకి తీసుకుంటోందని బయటపెట్టింది. కొన్నిచోట్ల నల్లజాతి విద్యార్థులకు ‘ప్రమాదం’ అనే ముద్ర తెల్లవాళ్ల కంటే నాలుగు రెట్ల దాకా ఎక్కువగా పడింది. ఆ సాఫ్ట్‌వేర్ మన దగ్గరికి వస్తే జాతి స్థానంలో ఏది కూర్చుంటుందో నాకు తెలుసు. కులం కూర్చుంటుంది, తాలూకా కూర్చుంటుంది, తండ్రి నిరక్షరాస్యత కూర్చుంటుంది. కిన్వట్ తండా నుంచి వచ్చిన పిల్ల మొదటి రోజే ఎర్ర గడిలో పడుతుంది. లెక్చరర్ ఆ ఎర్ర గడి చూసి, "ఈమెకు సులువైన సబ్జెక్టు చాలు" అంటాడు. మా కాలంలో కొందరు నోటితో చేసిన అన్యాయమే ఇప్పుడు లెక్కల ముసుగు వేసుకుని వస్తుంది. నోటితో అన్నవాడిని నిలదీయవచ్చు. లెక్కను ఎవరు నిలదీస్తారు?

నాందేడ్‌వాళ్లు ఇక్కడ నరహర్ కురుందకర్‌ను తలుచుకోవాలి. మరాఠీలో అంతటి విమర్శకుడు, ఆలోచనాపరుడు అరుదు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆయన ఇంటర్ తప్పారు. నాందేడ్‌లో బడిపంతులుగా పనిచేస్తూ ఆగిన చదువు పూర్తి చేశారు. పీపుల్స్ కాలేజీలో లెక్చరర్ అయ్యారు, అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1982లో యాభై నిండకముందే ఔరంగాబాద్‌లో సభావేదిక మీదే పోయారు. ఊరంతా ఆయన్ను గురూజీ అంటుంది. ఇంటర్ మార్కులను బట్టి జోస్యం చెప్పే యంత్రం ఆయన పేరు పక్కన ఏ రంగు వేసి ఉండేది? పరీక్ష తప్పినవాడిలో పండితుణ్ణి చూడడానికి, ఆ మనిషి మాట్లాడేది విని, చదివే పుస్తకాలు చూసి, నమ్మి ఉద్యోగమిచ్చే ఇంకో మనిషి కావాలి. నాందేడ్‌లో అలాంటివాళ్లు ఉండేవారు.

ఇప్పటి పిల్లలు చాట్‌జీపీటీని అడుగుతున్నారు. తెలుగులో అడిగితే తెలుగులోనే, మరాఠీలో అడిగితే మరాఠీలోనే జవాబిస్తుంది. నేనూ చూశాను. భాష బాగానే ఉంది, ఓపిక మెండు. కాని మా మనవరాలి స్నేహితురాలికి అది చెప్పిన సలహాలో ఎస్‌బీసీ మాటే లేదు, బస్సు లేని ఊరి సంగతి లేదు. ఆమె చెప్పలేదు కాబట్టి దానికి తెలియదు. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు తన కష్టంలో ఏది ముఖ్యమో తెలియకపోవడమే అసలు సమస్య. మంచి గురువు జవాబు చెప్పేముందు ఆ పిల్ల అడగని ప్రశ్నలు తానే అడుగుతాడు. పైగా చెప్పిన సలహా బెడిసికొడితే మా సార్ రోడ్డు మీద మా నాన్నకు ఎదురుపడాల్సి వచ్చేది. అందుకని ఆలోచించి చెప్పేవారు. యంత్రం ఎవరికి ఎదురుపడుతుంది?

కాబట్టి ఊరికే సణగకుండా ఏం చేయాలో చెప్తాను. ఖాళీ పోస్టులు నింపండి, ఇది మొదటిది. ప్రతి అధ్యాపకుడికి ముప్పైమంది పిల్లలను పేరుపేరునా అప్పగించి, వాళ్లతో కూర్చునే గంటలను వర్క్‌లోడ్‌లో కలపండి. హాజరు తగ్గినవాళ్ల జాబితాను కంప్యూటర్ తండ్రికి కాదు, ముందు ఆ అధ్యాపకుడికి పంపాలి. వారంలోగా పిల్లతో మాట్లాడి కారణం రాయాలి. దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ పిల్లలున్న చోట తెలుగు వచ్చినవారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి, తల్లిదండ్రులు నోరు విప్పగలుగుతారు. వ్యాలిడిటీ, నాన్ క్రీమీలేయర్ గురించి పదో తరగతిలోనే బడిలో చెప్పండి. క్యాప్ ఆప్షన్ ఫారం నింపే వారాల్లో ప్రతి జూనియర్ కాలేజీ ఒక గది తెరిచి, కంప్యూటర్‌తో పాటు ఇద్దరు సార్లను కూర్చోబెట్టాలి. పిల్లల మీద ప్రమాద ముద్ర వేసే లెక్క ఏదైనా ఉంటే అది ఆ పిల్లకు చూపించాలి, కాదనే హక్కు ఇవ్వాలి. వీటిలో ఏదీ చంద్రుడి మీదికి పోవడమంత కష్టం కాదు. అన్నిటికీ కావలసింది జీతమిచ్చి నిలబెట్టిన మనుషులు.

సాఫ్ట్‌వేర్ కొనడానికి టెండర్ పిలిచిన ప్రతి కాలేజీ యాజమాన్యాన్ని తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి: దీనితో పాటు ఎంతమందిని నియమిస్తున్నారు? ఎవరినీ లేదని జవాబు వస్తే ఆ కొనుగోలుకు ఒప్పుకోవద్దు. రిటైరైన మాలాంటివాళ్లం నాందేడ్‌లో చాలామందిమి ఉన్నాం, ఒంట్లో ఓపికా మిగిలింది. జూన్ నెలలో బల్ల వేసి కూర్చోమంటే జీతం అడగకుండా వచ్చి కూర్చుంటాం. కాని మేమెన్నాళ్లు ఉంటాం? ఆ బల్ల వెనక కూర్చోవాల్సింది పర్మనెంటు ఉద్యోగమున్న ముప్పై ఏళ్ల లెక్చరర్. వాడిని నియమించండి, వాడి చేతికి కంప్యూటర్ ఇవ్వండి.